బాబాయి ఈలా, పిన్ని చెవి మిషనూ

మా పిన్నిని వీధిలో అందరూ చెవుల పిన్ని అంటారు. నాకు నిజంగానే పిన్ని, మా అమ్మకి సొంత చెల్లెలు. మిగతావాళ్ళకి ఏమీ కాదు. అయినా పాలబ్బాయి దగ్గర్నుంచి పోస్టుమాస్టరు దాకా అందరూ పిన్నీ అనే పిలుస్తారు. మొదట్లో నాకు ఒళ్ళు మండేది, నా పిన్నిని వీధంతా పంచుకోవడమేమిటని. తర్వాత అలవాటైపోయింది.

ఆవిడ పని చెవి మిషన్లు బాగుచేయడం. వినికిడి తగ్గినవాళ్ళు చెవి వెనక తగిలించుకునే చిక్కుడుగింజంత మిషన్లు. మేడమీద గది ఆవిడది, కింద బట్టలు కుట్టే కొట్టు నాది. నా కుట్టు మిషన్ల చప్పుడు పైకి రాకూడదని ఆవిడ, ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్ళ కేకలు కిందికి రాకూడదని నేను, ఏళ్ల తరబడి పోట్లాడుకున్నాం. ఆవిడే గెలిచింది. నా మిషన్ల కాళ్ళ కింద రబ్బరు ముక్కలు పెట్టించింది. అది చాలక తన కిటికీకి ఆకుపచ్చ గుడ్డతో రెండు పొరల తెర నా చేతే కుట్టించుకుంది.

ఆ గదిలోకి వెళ్తే ముందు కనిపించేది పొడుగాటి బల్ల, దానిమీద మెడ వంచిన దీపం, దీపం చుట్టూ భూతద్దం. పక్కనే సన్నటి పట్టకార్లు, దంతాలు తోముకునే బ్రష్షులో పావు వంతుండే బ్రష్షులు. వచ్చే మిషన్లలో సగానికి రోగం గుబిలే. "నా పనిలో సగం గుబిలి తియ్యడమే, మిగతా సగం ఆ మాట మర్యాదగా చెప్పడం" అంటుంది పిన్ని. పెద్ద పెద్ద హోదాల్లో ఉన్నవాళ్ళకి కూడా నొప్పించకుండా చెప్పి పంపిస్తుంది. ఆ నేర్పు నాకు లేదు. లావైపోయిన మనిషిని లావైపోయావనే అంటాను, అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్ళు సగం మందే మళ్ళీ వస్తారు.

బాగుచేసిన ప్రతి మిషన్నీ పిన్ని తన చెవితో విని చూస్తేనేగాని తిరిగివ్వదు. డాక్టర్లు మెడలో వేసుకునే గొట్టంలాంటిది ఒకటుంది ఆవిడకి. దాని కొసకి మిషను తగిలించి, గొట్టం చెవుల్లో పెట్టుకుని, తనలో తనే "ఆ... ఈ... ఊ... మ్... స్... ష్..." అనుకుంటుంది. మాటల్లోని లావు శబ్దాలూ సన్న శబ్దాలూ అన్నీ ఆ ఆరింటిలో వచ్చేస్తాయట. మొదటిసారి నా కొట్టుకొచ్చిన ఒకావిడ ఆ మూలుగులు విని, పైన ఎవరైనా నొప్పులు పడుతున్నారా అని అడిగింది. కాదండీ, మా పిన్ని మిషన్లతో మాట్లాడుతోంది అన్నాను. ఆవిడ జాకెట్టు గుడ్డ వెనక్కి తీసుకుని వెళ్ళిపోయింది.

పిన్నికి బద్ధశత్రువు కూత. చెవి మిషను సరిగ్గా కుదరకపోతే అది పెంచిన శబ్దం బయటికి కారి, మళ్ళీ దాని మైకులోనే దూరి, తిరిగి తిరిగి కుయ్యిమని కూస్తుంది. పెళ్ళిళ్ళలో మైకు పట్టుకోగానే కూస్తుందే, అదే సంగతి చిన్నరకంగా. వంకర కుట్టు చూస్తే నాకెలా ఉంటుందో, కూత వింటే పిన్నికి అలా ఉంటుంది. పక్కవాళ్ళ చెవిలో కూసినా ఆవిడ మెడ తిరిగిపోతుంది. ఒకసారి బస్సులో ముక్కూమొహం తెలియని పెద్దాయన దగ్గరికెళ్ళి, అయ్యా మీ చెవిలో దూర్చుకునే అచ్చు వదులైంది, రేపొకసారి రండి అని చెప్పి వచ్చింది.

ఇక బాబాయి సంగతి. పిన్ని భర్త. ఉద్యోగమంతా సీసాల ఫ్యాక్టరీలోనే చేశాడు. తెల్లటి వెలుతురు ముందు బెల్టు మీద సీసాలు పోతూ ఉంటాయి. బీట, బుడగ, వంకర మూతి, ఏది కనపడితే ఆ సీసాని టక్కున తీసి పక్కన పడేయాలి. గాజు గాజుకి కొట్టుకునే ఆ మోతలో మనిషి మాట మనిషికి వినపడదు, అందుకని అక్కడివాళ్ళు ఈలలతో మాట్లాడుకునేవాళ్ళు. రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి వేసే ఈల. ఆ ఈలని బాబాయి ఇంటికి తెచ్చాడు. సాయంత్రం చెప్పుల కొట్టు మలుపు తిరగగానే ఒక పొడుగు ఈల వేస్తాడు. రాగం లేదు, విరుపు లేదు, గీత గీసినట్టు ఒకే స్వరం. పైన పిన్ని చేతిలో పని వదిలేసి కిటికీ తెర పక్కకి లాగుతుంది. తర్వాత టీకి నీళ్ళు పెడుతుంది. పెళ్ళైనప్పట్నుంచి ఇదే వరస. ఉద్యోగం అయిపోయాక బాబాయి స్నేహితుడి అద్దాల కొట్టులో సాయానికి వెళ్తున్నాడు గానీ, మలుపూ మారలేదు, ఈలా మారలేదు.

తమాషా ఏమిటంటే ఆ ఈల బాబాయికి వినపడదు. ఫ్యాక్టరీ ఆయన చెవుల్లోంచి సన్న శబ్దాలన్నీ పట్టుకుపోయింది. తలుపు గంట, ఫోను మోత, పిచ్చుకల గోల, ఏవీ అందవు. మామూలు మాటలు అందుతాయి. ఇంట్లోనే చెవుల పిన్నిని పెట్టుకుని మిషను మాత్రం పెట్టుకోడు. "ఆ ఫ్యాక్టరీలో జన్మకి సరిపడా విన్నాను, ఇక చాలు" అంటాడు. పిన్ని పోరింది, అలిగింది, ఒకసారి నిద్రలో పెట్టేయబోయింది కూడా. ఆయన నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నాడు. చివరికి ఆవిడే వదిలేసింది.

వాళ్ళిద్దరి గురించీ నాకు బాగా అర్థమైన రోజొకటుంది. నా దగ్గర పువ్వులు కుట్టే మిషనొకటుంది, లోపల చిన్న కరెంటు పలక మీద ఒక చిప్పుంటుంది. అది మాడిపోయింది. చేతిలో రవికల పని కుప్పగా ఉంది. విసురుగా మేడ ఎక్కి, "పిన్నీ, నీ సొరుగు నిండా చిప్పులే కదా, ఒకటి పడెయ్, బిగించుకుంటాను" అన్నాను.

పిన్ని భూతద్దం పక్కకి జరిపి నావైపు చూసింది. "చిప్పంటే చిప్పే అనుకున్నావా? నీకు తానుగుడ్డ ఇచ్చి, జరీ చీర బదులు ఇది కట్టుకోమంటే ఊరుకుంటావా?"

"ఊరుకోను. అయితే తేడా ఏమిటో చెప్పు."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిన్ని కుర్చీ నావైపు తిప్పుకుంది.

"నీ మిషన్లో ఉండేది మైక్రోకంట్రోలరు. ఆలోచించే బుర్ర, గుర్తుపెట్టుకునే జాగా, బయటివాటిని తాకే కాళ్ళు, అన్నీ ఆ ఒక్క ముక్కలోనే. అది మీ అమ్మ లాంటిది. కొంగున తాళాలు, మంగళసూత్రానికి పిన్నీసులు, చంకలో సంచి. ఇంట్లో ఏ పనొచ్చినా ఎవర్నీ ఏదీ అడగదు. మీట నొక్కారా, మోటారు తిప్పు. దారం తెగిందా, ఆపు. పనేమీ లేదా, కునుకు తియ్యి."

"మా అమ్మ కునుకు తీస్తోందన్నావని చెప్పనా?"

"చెప్పవే, నాకేం భయం? అదీ దాని గొప్పే. పని లేనప్పుడు పడుకుంటుంది కాబట్టే కరెంటు తక్కువ తాగుతుంది." తర్వాత బల్ల మీద కంప్యూటరు తట్టింది. "ఇందులో ఉండేది మైక్రోప్రాసెసరు. ఇది మీ పెద్దమామయ్య. తెలివికి తిరుగు లేదు. పాట పాడమంటే పాడతాడు, ఉత్తరం రాయమంటే రాస్తాడు, ఆటాడమంటే ఆడతాడు. కానీ కుర్చీ ఒకరు వెయ్యాలి, కళ్ళజోడు ఒకరు అందించాలి. దీనికీ అంతే, జ్ఞాపకం వేరే చిప్పులో ఉంటుంది, దాచుకునే సరుకు ఇంకో డబ్బాలో ఉంటుంది. పైగా పది పనులు నెత్తినేసుకుంటాడా, పిలిస్తే 'వస్తున్నా' అంటాడు. వస్తాడు. ఎప్పుడొస్తాడో మాత్రం చెప్పలేం."

మా పెద్దమామయ్యని ఇంత బాగా ఎవరూ వర్ణించలేదు. నాకు నవ్వాగలేదు.

"మరి నీ సొరుగులో ఉన్నది?"

"ఇదా? దీన్ని డిజిటల్ సిగ్నల్ ప్రాసెసరంటారు. ఇది మీ బాబాయి." చెవి మిషన్లోంచి తీసిన ముక్కని పట్టకారుతో ఎత్తి చూపించింది. నువ్వుగింజకి అన్నలా ఉంది. "బెల్టు దగ్గర ఆయన ఏం చేసేవాడు? సీసా వస్తుంది, చూడాలి, తేల్చాలి, వదలాలి. ఈలోపు ఇంకోటి వచ్చేస్తుంది. కాస్త ఆగు, ఆలోచిస్తాను అంటే కుదరదు, బెల్టు ఆగదు. శబ్దం కూడా అంతేనే. నువ్వు ఒక్కసారి 'పిన్నీ' అంటే ఆ పిలుపుని ఇది వేల ముక్కలు చేసి లోపలికి తీసుకుంటుంది. ఒక్కో ముక్కా ఒక అంకె. ఆ అంకెని గుణించి, ముందొచ్చినవాటితో కూడాలి. గుణించు, కూడు, గుణించు, కూడు, పొద్దస్తమానం అదే పని. మిగతావాళ్ళకైతే గుణించడానికి ఒకసారి, కూడటానికి ఒకసారి చెయ్యాడాలి. ఇది రెండూ ఒకే దెబ్బలో చేస్తుంది, అందుకే పుట్టింది."

"అన్ని గుణకారాలెందుకు? గట్టిగా వినిపిస్తే చాలదూ?"

"మా గురువుగారి కాలంలో మిషన్లు అదే చేసేవి. మాటా పెంచేవి, కంచం పడిన మోతా పెంచేవి. జనం మిషను తీసి గోడకేసి కొట్టేవాళ్ళు. ఇప్పుడు ఎవరి చెవిలో ఏ స్వరం తగ్గిందో చూసి, దాన్నే పెంచమని చెప్తాం. ఫ్యాను మోత తగ్గించమంటాం. కూత పుడితే పట్టుకుని నొక్కెయ్యమంటాం. అదంతా ఈ గుణకారాల్లోనే జరగాలి, అదీ రెప్పపాటులో వందోవంతు కూడా ఆలస్యం కాకుండా. ఆలస్యమైతే మన మాటే మనకి బావిలోంచి తిరిగొచ్చినట్టుంటుంది."

"పెద్దమామయ్యని కూర్చోబెడితే చెయ్యలేడా?"

"ఎందుకు చెయ్యలేడు, చేస్తాడు. ఇప్పుడందరూ ఒకరి విద్య ఒకరు నేర్చుకుంటున్నారు. మీ అమ్మ లాంటివాళ్ళలో కూడా ఈ గుణించి కూడే విద్య కొంత పెడుతున్నారు. కానీ గోరంత బ్యాటరీ మీద, రోజంతా, ఒక్క ముక్క వదలకుండా చెయ్యాలంటే అన్నయ్యని పెట్టలేం. ఆయన తినే తిండికే బ్యాటరీ అయిపోతుంది."

"అంటే బాబాయిలో లోపమే లేదంటావు."

పిన్ని ఆ ముక్కని జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "ఉంది. చెప్పింది చేస్తాడు, ఎందుకని అడగడు. బీట ఉంటే తీసెయ్యమన్నారా, తీసేస్తాడు. ఏదో మంచి సీసా వెలుతురుకి బీటలా కనపడిందనుకో, అదీ పోతుంది. ఆగి చూడటానికి తీరికెక్కడిది?"

చివరికి నాకు చిప్పు ఇవ్వలేదు, ఈ పాఠమే ఇచ్చింది. రవికల మీద పువ్వులు చేత్తో కుట్టుకుంటూ తిట్టుకున్నాను. తిట్లు పైకి వినపడవులే అన్న ధైర్యం నాకెప్పుడూ ఉండేది.

పిన్ని చెవులు తగ్గుతున్నాయని నాకు తెలిసింది లెక్కల మాస్టారి వల్ల. ఆయన మిషను బాగుచేయించుకుని వెళ్ళి, రెండోరోజే తిరిగొచ్చాడు. "సన్నగా ఏదో మోగుతోందమ్మా, బుర్రలో ఈగ దూరినట్టుంది" అన్నాడు. పిన్ని గొట్టం పెట్టుకుని విని, "ఏమీ లేదండీ" అంది. నేను టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. ఆ మోత నాకు అక్కడికే వినపడుతోంది. ఊరుకోవాల్సింది, ఊరుకోలేదు. "అదేంటి పిన్నీ, అంత కుయ్యిమంటుంటేనూ" అనేశాను. పిన్ని నావైపు చూసింది, గొట్టంవైపు చూసింది. మాస్టారికి మళ్ళీ రేపు రమ్మని మెల్లిగా చెప్పింది. ఆవిడ మొహం చూసి, టీ గ్లాసులు అక్కడే పెట్టేసి కిందికి దిగిపోయాను.

ఆ వారమే బాబాయి ఈల వేస్తే తెర కదల్లేదు. నా కొట్టులోంచి విన్నాను, నిక్షేపంలాంటి ఈల. పైన అడుగుల చప్పుడే లేదు. బాబాయి మెట్లెక్కి వెళ్తే పిన్ని బల్ల మీదే వంగి ఉందట.

పిన్ని దేన్నీ నానబెట్టే మనిషి కాదు. తలుపేసుకుని తన చెవుల్ని తనే పరీక్ష చేసుకుంది. సన్న స్వరాలు జారిపోయాయి. తనకి తనే అచ్చు తీసుకుని, మంచి మిషనొకటి పెట్టుకుని, కంప్యూటరుకి తీగ తగిలించి అమర్చుకుంది. కూత పట్టే అమరిక అందరికీ నడిమధ్యలో పెట్టేది, తనకి మాత్రం చివరంటా బిగించుకుంది. "కూతలు బాగుచేసేదాని చెవే కూస్తే నవ్వరూ?" అంది. ఆ రోజు ఆవిడ సంబరం చూడాలి. కత్తెర చప్పుడు, కాగితం మడత, నీళ్ళ చుక్క, అన్నీ వినపడుతున్నాయని చిన్నపిల్లలా గది చుట్టూ తిరిగింది. కిందికి దిగొచ్చి, "నీ గొణుగుడు కూడా వినపడుతోందే, ఇన్నాళ్ళూ నన్ను ఇంత తిట్టావా?" అని అడిగింది. నేను సూది కింద పడినట్టు వంగి వెతుక్కున్నాను.

లెక్కల మాస్టారి మిషన్లో మోత కూడా ఆవిడే పట్టుకుంది. కథ అక్కడితో బాగుపడిందనే అనుకున్నాను. కానీ సాయంత్రం బాబాయి ఈల వేస్తే తెర కదల్లేదు. మర్నాడూ కదల్లేదు. పిన్ని పని మానుకుని, కిటికీ పక్కనే కుర్చీ వేసుకుని, చెవి రిక్కించుకుని కూర్చునేది. బాబాయి గుమ్మంలోకొచ్చి నిలబడేదాకా ఆవిడకి తెలిసేది కాదు.

"ఈల వేశారా?" అని అడిగిందట ఒకరోజు.

"వేశాను" అన్నాడట ఆయన. అన్నాక ఇద్దరూ టీ తాగారట. కొన్నాళ్ళకి బాబాయి ఈల మానేశాడు. మెట్ల దగ్గర గంట నొక్కి పైకి వెళ్ళడం మొదలుపెట్టాడు. ఆ గంట మోగినప్పుడల్లా కింద నా ప్రాణం ఉసూరుమనేది. గంట మోగితే ఎవరో బయటివాళ్ళొచ్చినట్టుంటుంది.

ఒక మధ్యాహ్నం పిన్ని నా దగ్గర కూర్చుని బయటపడింది. "నా చెవిలో మీ బాబాయి ఈల స్వరం అందే చోటు చచ్చిపోయిందే. పరీక్షలో గట్టిగా పెడితే విన్నట్టే ఉంటుంది, అది పక్క స్వరాలు వినే చోట్లు జాలిపడి అందించేది. అసలు చోటు పోయింది. చచ్చిన చోట ఎంత పెంచి పోస్తే ఏం లాభం?"

"మాస్టారి మిషన్లో మోత విన్నావుగా?"

"అది వేరే స్వరం. మీ బాబాయి ఈల ఉండే చోటే కూతలన్నీ ఉంటాయి. ఆ ఈల వినలేనిదాన్ని, కూతలు బాగుచేస్తానని బల్ల ముందు కూర్చోవడం మోసం కాదూ? నెలాఖరుకి పని మానేసి గది వదిలేస్తాను. మీ బాబాయికి చెప్పకు. ఆ ఈల నాకిక వినపడదని తెలిస్తే తట్టుకోలేడు."

ఆ గది లేకుండా పిన్నిని ఊహించుకోలేను. బాబాయి ఈల లేకుండా ఆ వీధిని ఊహించుకోవడం ఇంకా కష్టంగా ఉంది. కోపం మాత్రం వచ్చింది, ఎవరి మీదో తెలియక మధ్యాహ్నమంతా మిషను తొక్కాను.

నెలాఖరు దగ్గరపడింది. ఒక పొద్దున పిన్ని ఆకుపచ్చ తెర మడతపెట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. "గుడ్డ గట్టిది, పాడుచెయ్యకు. విప్పి సంచులేవైనా కుట్టు" అంది.

"నేను విప్పను."

"ఎందుకు విప్పవే?"

"రెండు పొరలు కలిపి కుట్టడానికి నా తల ప్రాణం తోకకొచ్చింది. నీకు కావాలంటే నువ్వే విప్పుకో." అంతకన్నా మర్యాదగా మాట్లాడటం నాకు రాదు.

పిన్ని ఏదో అనబోయి తల ఎత్తింది. "ఆ పిట్టేమిటే? పొద్దుట్నుంచీ మెట్ల దగ్గర కూస్తోంది."

నేనూ విన్నాను. పిట్ట కాదు. ఫీ. ఆగి, మళ్ళీ ఫీ. ఇంకో రెండు చిన్న ముక్కలు. వెళ్ళి చూస్తే మెట్ల కింద, సైకిలు వెనక, గోడవైపు తిరిగి బాబాయి నిలబడి ఉన్నాడు. రెండు వేళ్ళూ నోట్లో ఉన్నాయి. నన్ను చూసి దొంగలా వేళ్ళు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు.

"ఏం చేస్తున్నావు బాబాయ్?"

"అరవకు తల్లీ. ఈల వస్తోందో లేదో చూసుకుంటున్నాను. ఈ కొత్త పళ్ళు కట్టించుకున్నాక పోయింది." పోయిన నెలలో బాబాయి ముందు పళ్ళు కట్టించుకున్న మాట నిజమే. వాటితో నవ్వడం ఇంకా అలవాటు కాక, నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటున్నాడు.

"పోవడమేమిటి? నాకు వినపడుతూనే ఉందిగా!"

"నన్ను ఊరడించకు. ఈల నాకెలాగూ వినపడదు. మీ పిన్ని తెర లాగితే వచ్చిందని లెక్క, లేకపోతే లేదని లెక్క. ఇప్పుడావిడకి ఈగ నడిచినా వినపడుతోంది, అంత మంచి మిషను పెట్టుకుంది. అయినా తెర కదల్లేదంటే ఏమిటర్థం? ఈలే లేదన్నమాట. ఉత్త గాలి ఊది ఊది నవ్వులపాలవడమెందుకని గంట కొడుతున్నాను." గొంతు తగ్గించి అన్నాడు. "పిన్నికి చెప్పకు. బాధపడుతుంది."

నేను చెప్పనక్కర్లేదు. పిన్ని నా వెనకే నిలబడి ఉంది. మొహం తెల్లబోయి ఉంది. ఆయన మాటలకి ఒకవైపు కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఇంకోవైపు ఆవిడ బుర్ర అప్పటికే వేరే చోట పనిచేస్తోంది. పిన్ని సంగతి నాకు తెలుసు.

"ఆ పిట్ట మీరేనా?" అంది.

"ఏ పిట్ట?"

"ఏవండీ, మళ్ళీ వెయ్యండి. పొడుగ్గా, మామూలుగా వేసినట్టు."

బాబాయి వేళ్ళు పెట్టి పొడుగు ఈల వేశాడు. మెట్లన్నీ గింగురుమన్నాయి. నేను చెవులు మూసుకున్నాను. పిన్ని కళ్ళు మూసుకుంది.

"మొదట వచ్చింది. తర్వాత ఎవరో గొంతు నొక్కేసినట్టు పోయింది. ఇప్పుడు ముక్కలుగా వెయ్యండి."

ఫీ. ఫీ. ఫీ. ప్రతి ముక్కకీ పిన్ని తల ఊపింది. అదే స్వరం, అదే ఈల. చచ్చిపోయిందన్న చోట ఒక్కో ముక్కా దిగుతోంది. పిన్ని మెట్టు మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని దగ్గరికెళ్ళాను. నవ్వుతోంది. నవ్వుతూ ఏడుస్తోంది.

"నా చెవి చావలేదే! నేనే చంపించాను. కూత అంటే ఏమిటి? సన్నగా, విరుపు లేకుండా, ఒకే స్వరంలో సాగేది. ఈయన ఈల ఏమిటి? సన్నగా, విరుపు లేకుండా, ఒకే స్వరంలో సాగేది. రెండూ ఉండేది ఒకే చోట, లోపలున్న చిప్పుకి తేడా ఏం తెలుస్తుంది? మొదటి ముక్క వదిలి, అమ్మో కూత పుట్టిందనుకుని, వెంటనే పట్టుకుని నొక్కేసింది. చిన్న ముక్కలైతే పట్టేలోపే అయిపోతున్నాయి, అందుకని వదిలేసింది. వేరే ఎవరికైనా అయితే నడిమధ్యలో పెట్టేదాన్ని, ఇలా అయ్యేది కాదు. కూత మీద పగతో నాకు నేనే చివరంటా బిగించుకున్నాను."

బాబాయికి సగమే అర్థమైంది. అర్థమైన సగాన్ని గట్టిగా పట్టుకున్నాడు. "అంటే నా పళ్ళు బాగానే ఉన్నాయా?"

"పళ్ళు బాగున్నాయి, ఈలా బాగుంది. బాగాలేనిది నా అమరికే" అంది పిన్ని. ఆయన చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు. పిన్ని ఆయన చెయ్యి పట్టుకుని లేచింది, ఆ చెయ్యి వదలకుండానే మెట్లెక్కింది. మెట్లు ఇరుకైనవి, ఇద్దరు పక్కపక్కన పట్టరు. అయినా అలాగే వెళ్ళారు.

పైన తీగ తగిలించి కూత పట్టే అమరికని వదులు చేసింది. నడిమధ్యకి తెచ్చి, ఆలోచించి, ఇంకాస్త తగ్గించింది. మిషను చెవికి పెట్టుకోగానే అది కుయ్యిమంది. నేను ఉలిక్కిపడ్డాను. పిన్ని మాత్రం పసిపిల్ల ఏడిస్తే జోకొట్టినట్టు చెవి మీద చెయ్యేసి సర్దుకుంది. ఆవిడ చెవిలో ఆ కూత ఇప్పటికీ అప్పుడప్పుడూ వస్తుంది, తల దువ్వుకునేటప్పుడు, ఫోను పెట్టుకునేటప్పుడు. ఎవరైనా నవ్వితే నవ్వుకోమంటుంది. కొత్తగా మిషను అమర్చుకోవడానికి వచ్చినవాళ్ళని ఇప్పుడు ఇంకో ప్రశ్న కూడా అడుగుతుంది, మీ ఇంట్లో ఎవరైనా ఈల వేస్తారా అని. చాలామంది గుడ్లు మిటకరిస్తారు. ఒకాయన మాత్రం చాలాసేపు ఆలోచించి, ఇదివరకు మా అన్న వేసేవాడండీ అన్నాడట.

ఆ రోజు మధ్యాహ్నమే తెర తీసుకెళ్ళి మళ్ళీ తగిలించాను. విప్పలేదు కాబట్టి సరిపోయింది, నా మొండితనం ఒక్కసారైనా పనికొచ్చింది. సాయంత్రం కొట్టు ముందు నిలబడి ఉంటే, అద్దాల కొట్టునుంచి వస్తూ బాబాయి చెప్పుల కొట్టు మలుపులో ఆగిపోయాడు. ఎంతకీ ఈల వెయ్యడు. చూసి చూసి నేనే వెళ్ళాను.

"ఏం బాబాయ్?"

"కాస్త పక్కనే ఉండు తల్లీ" అన్నాడు. చేతులు రుమాలుతో తుడుచుకున్నాడు. ఊపిరి పీల్చుకుని, వేళ్ళు నాలుక కింద పెట్టి, పొడుగ్గా వేశాడు. గీత గీసినట్టు వెళ్ళింది ఈల. చెప్పులు కుట్టేవాడు తలెత్తి నవ్వాడు. బాబాయి వేళ్ళు తీసి నావైపు తిరిగాడు.

"వచ్చిందా?"

"వచ్చింది బాబాయ్. బ్రహ్మాండంగా వచ్చింది."

"నువ్వు చెప్తే సరా?" అన్నాడు. కళ్ళు కిటికీ మీదే ఉన్నాయి.

మేడ మీద ఆకుపచ్చ తెర పక్కకి జరిగింది. పిన్ని కనపడలేదు, చెయ్యొక్కటే కనపడి లోపలికి వెళ్ళిపోయింది. బాబాయి రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇప్పుడొచ్చింది. పద, నీళ్ళు పెట్టేసి ఉంటుంది."